హెచ్4 హెడ్‌లైట్లు: రాత్రి రోడ్డు సరిగ్గా ఆనడం లేదు, బల్బు మారిస్తే చాలా?

చీకటిబాట

తొమ్మిదేళ్ళ హ్యాచ్‌బ్యాక్. రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లు, 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ (హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55, రెండూ ఒకే బల్బులో). లో బీమ్‌లో బండి ముందు కొంత దూరం బాగానే ఉంటుంది, ఆ తర్వాత అంతా మసక. వాన పడితే రోడ్డు మీది గీతలు కూడా కనిపించవు. లైట్ల ముందుండే ప్లాస్టిక్ పైకప్పు కొద్దిగా పసుపు పచ్చబడింది.

మూడు దారులు కనిపిస్తున్నాయి: "130 శాతం ఎక్కువ" అని రాసి ఉండే హాలోజన్, 100/90 వాట్ల బల్బులు, లేదా హెచ్4 సాకెట్లో పట్టే ఎల్ఈడీ. రిలే వైరింగ్ (స్విచ్ గుండా కాకుండా బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు పంపే ఏర్పాటు) కూడా వేయాలంటున్నారు. ఏది ముందు చేయాలి, ఏది దండగ? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

వోల్టుమీటరు

మీటర్ ఉందన్నారు కాబట్టి బల్బు కొనే ముందు బల్బు దాకా ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూడండి. హెచ్4 బల్బు లో బీమ్‌లో 1000, హై బీమ్‌లో 1650 ల్యూమెన్లు (వెలుగు కొలత) ఇస్తుందన్న లెక్క 13.2 వోల్టుల దగ్గర వేసింది. హాలోజన్ వెలుగు వోల్టేజీకి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. 13.2 బదులు 12 వోల్టులే అందితే వెలుగు 72 శాతానికి పడిపోతుంది. పాత బళ్ళలో కరెంటు బ్యాటరీ నుంచి స్టీరింగ్ దగ్గరి స్విచ్ దాకా వెళ్ళి, సన్నటి వైర్లలో మళ్ళీ ముందుకు వస్తుంది. దారిలో ఒకటిన్నర వోల్టు పోవడం మామూలే.

కొలిచే పద్ధతి: ఇంజన్ ఆన్, లో బీమ్ ఆన్, బల్బు వెలుగుతూ ఉండాలి. సాకెట్‌ను కొద్దిగా వెనక్కి లాగితే బల్బు పిన్నులు మీటర్ మొనకి అందుతాయి. ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు లో బీమ్ పిన్ను మీద పెడితే ప్లస్ వైపు ఎంత పోతుందో నేరుగా తెలుస్తుంది. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ బల్బు ఎర్త్ పిన్నుకీ మధ్య చూడండి. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ జోలికి పోనక్కర్లేదు.

చాలామంది సాకెట్ పూర్తిగా ఊడదీసి అందులో కొలుస్తారు. బల్బు కరెంటు లాగనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఆ రీడింగ్ ఎందుకూ పనికిరాదు.

గాజుకన్ను

వైరింగ్ సంగతి నిజమే. కానీ పైకప్పు పచ్చబడిందని రాశారు, అసలు దొంగ అక్కడే ఉండొచ్చు. ఆ ప్లాస్టిక్ (పాలీకార్బొనేట్) మీద ఉండే రక్షణ పూత ఎండకి పోయాక మసక వస్తుంది. అది వెలుగుని తగ్గించడమే కాదు, పక్కలకీ పైకీ చెదరగొడుతుంది. అంటే మీకు తగ్గి, ఎదుటివాడి కంట్లో పెరుగుతుంది. దాని వెనక ఎంత ఖరీదైన బల్బు పెట్టినా చెదిరే వెలుగే ఎక్కువవుతుంది.

చుట్టూ పెయింట్ మీద రెండు పొరలు మాస్కింగ్ టేప్ వేయండి. పాత పూత పొలుసులుగా లేస్తుంటే 800 నంబరు వాటర్ పేపర్, లేకపోతే నేరుగా 1500తో మొదలుపెట్టొచ్చు. తర్వాత 2000, ఆపైన 3000. ప్రతి నంబరుకీ రుద్దే దిశ మార్చండి: ఒకసారి అడ్డంగా, మరోసారి నిలువుగా. కింది నంబరు గీతలు పూర్తిగా పోయాకే పైదానికి వెళ్ళాలి. నీళ్ళు ధారాళంగా వాడాలి. మొదట్లో కారే నీళ్ళు పసుపు పచ్చగా ఉంటాయి, పాత పూత పోయాక తెల్లగా మారతాయి.

ఆ తర్వాత వేసే యూవీ క్లియర్ కోట్‌నే (ఎండని ఆపే పారదర్శక పూత) చాలామంది ఎగ్గొడతారు. పాలిష్‌తో ఆపేస్తే ఆ రోజు అద్దంలా ఉంటుంది, కొన్ని నెలలకే మళ్ళీ పచ్చబడుతుంది, ఎందుకంటే ఉన్న కాస్త పూతనీ మీరే గీకేశారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, పలచగా రెండు కోట్లు కొట్టండి. హార్డెనర్ (పూతని గట్టిపరిచే ద్రవం) కలిపే రకం ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తగిన మాస్క్ పెట్టుకుని బయటే చేయండి. టూత్‌పేస్ట్ చిట్కా గురించి అడగకండి.

మసక లోపలి వైపు ఉంటే రుద్ది లాభం లేదు. రిఫ్లెక్టర్ మెరుపు పోయి బూడిద రంగులోకి దిగితే ల్యాంప్ మార్చడమే. లోపల గుడ్డ పెట్టి తుడిచారో, మిగిలిన మెరుపు కూడా గుడ్డకే అంటుతుంది.

రెండో_గేరు

ఇంత హడావుడి ఎందుకు? మంచి ఎల్ఈడీ వేసేస్తే ఒక్క దెబ్బకి తెల్లటి వెలుగు. డబ్బా మీద 20,000 ల్యూమెన్లు అని ఉంటుంది. కరెంటు కూడా తక్కువ లాగుతుంది, రిలే గొడవే లేదు.

గాజుకన్ను

కరెంటు తక్కువన్నది నిజం, ల్యూమెన్ల అంకె మాత్రం నమ్మకండి. బల్బు లాగే వాట్లు చూడండి. ఆ 20,000 రెండు బల్బులకీ కలిపి అనుకున్నా, 25 వాట్ల ఎల్ఈడీ నుంచి 10,000 ల్యూమెన్లు రావు, వాటుకి వందకి అటూ ఇటూ వేసుకోండి.

అసలు చిక్కు వెలుగు పుట్టే చోటు దగ్గర ఉంది. హెచ్4లో లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. కింది వైపు వెళ్ళే వెలుగుని అది ఆపడం వల్లే పైన వెలుగు ఆగిపోయే స్పష్టమైన గీత ఏర్పడుతుంది. రిఫ్లెక్టర్ ఆకారమంతా ఆ ఫిలమెంట్ ఉన్న చోటుని బట్టి గీసిందే. ఎల్ఈడీ చిప్ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా, రెండు చిప్‌ల మధ్య పలక మందంగా ఉన్నా, వెలుగు దూరంగా ఒకచోట పోగవడం మానేసి దగ్గర్లో పరుచుకుంటుంది. బండి ముందు పది మీటర్లు పెళ్ళి పందిరిలా వెలిగిపోతుంటే బల్బు బాగుందనిపిస్తుంది. కానీ ఆ వెలుగుకి కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్నది ఇంకా తక్కువ కనిపిస్తుంది. చీకటిబాట గారి ఫిర్యాదే "దగ్గర బాగానే ఉంది, దూరం మసక" అని. ఇలాంటి ఎల్ఈడీ ఆ జబ్బుని పెంచుతుంది.

అయినా వేస్తానంటే: చిప్‌లు సరిగ్గా మూడు, తొమ్మిది గంటల దిశల్లో ఉండాలి, కాలర్ (బల్బుని ల్యాంపులో పట్టి ఉంచే రింగు) తిప్పి సరిచేసుకునే రకమే తీసుకోండి. వెనక ఫ్యాన్‌కి గాలి ఆడే చోటు ఉందా, రబ్బరు మూత మళ్ళీ పడుతుందా చూడండి. మూత తీసేస్తే లోపలికి దుమ్మూ తేమా చేరి రిఫ్లెక్టర్ పాడవుతుంది. గోడ మీద గీత మసకబారినా, గీత పైకి వెలుగు చిమ్మినా తీసేయండి. హాలోజన్‌కి అనుమతి పొందిన ల్యాంపులో ఎల్ఈడీ చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. కొన్నిచోట్ల ఫలానా కారు మోడల్లో ఫలానా ఎల్ఈడీ అని జాబితా వేసి ఒప్పుకుంటారు.

హెచ్‌ఐడీ (జెనాన్ దీపాల) కిట్లకీ ఇదే జవాబు, ఇంకా గట్టిగా. 35 వాట్లకే మూడు వేల ల్యూమెన్లు ఇచ్చే దీపాన్ని హెచ్4 రిఫ్లెక్టర్లో పెడితే ఎదురొచ్చేవాడికి కళ్ళు బైర్లు కమ్ముతాయి.

చీకటిబాట

కొలిచాను. బ్యాటరీ దగ్గర 14.1. ప్లస్ వైపు డ్రాప్ 1.3, ఎర్త్ వైపు 0.4. రెండు లైట్లూ దాదాపు ఒకటే. రిలే వేయాల్సిందేనా? రిలే వేశాక 100/90 పెట్టొచ్చా?

వోల్టుమీటరు

అంటే బల్బుకి అందుతున్నది 12.4. ఎర్త్ వైపు 0.4 ముందు వదిలించండి, అది ఖర్చులేని పని: ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు తీసి, లోహం మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించి, పైన కాస్త గ్రీజు. 1.3కి మాత్రం రిలేనే మందు. రెండూ అయ్యాక బల్బు దగ్గర 13.8 వస్తే, ఇప్పుడున్న అవే బల్బులు లెక్క ప్రకారం 40 శాతానికి పైగా ఎక్కువ వెలుగిస్తాయి.

లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి, రెండు 30 ఆంపియర్ల రిలేలు. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30వ పిన్నుకి, 87 నుంచి బల్బుకి. పాత సాకెట్లలో ఒకదాని నుంచి వచ్చే కరెంటు 86కి, 85 ఎర్త్‌కి. రెండో పాత సాకెట్‌కి టేప్ చుట్టి కట్టేయండి. మెయిన్ వైరూ ఎర్త్ వైరూ 2.5 స్క్వేర్ ఎంఎం రాగివి. రెండు బల్బులు కలిసి పది ఆంపియర్లకి అటూ ఇటూ లాగుతాయి, కాబట్టి రిలేకి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దానికీ బ్యాటరీకీ మధ్య వైరు ఒరుసుకుపోతే ఆపేది ఏదీ ఉండదు.

100/90 వద్దు. వీధి బళ్ళకి అనుమతి ఉండదన్నది అలా ఉంచండి. పాత వైరింగ్ మీదే వేస్తే కరెంటు పెరిగి డ్రాప్ రెండున్నర వోల్టులు దాటుతుంది, సాకెట్ ప్లాస్టిక్ కరుగుతుంది. రిలే మీద వేస్తే వైరు తట్టుకుంటుంది, వేడికి రిఫ్లెక్టర్ పూత పొక్కుతుంది.

ఇక "130 శాతం" బల్బులు. ఇవి లాగేదీ 60/55 వాట్లే. ఫిలమెంట్‌ని సన్నగా, దగ్గరగా చుట్టడంతో వెలుగు రోడ్డు మీద దూరంగా ఒకచోట పోగవుతుంది. మొత్తం వెలుగు 130 శాతం పెరగదు, ఆ అంకె బీమ్‌లో కొన్ని బిందువుల దగ్గర కనీస ప్రమాణంతో పోల్చి చెప్పేది. అయినా మీకు కావలసింది దూరమే కాబట్టి పనికొస్తాయి. మూల్యం ఆయుష్షు. హాలోజన్ జీవితకాలం వోల్టేజీ 13వ ఘాతానికి విలోమంగా ఉంటుంది: 13.2 బదులు 14 వోల్టులు అందితే సగానికి పడిపోతుంది. రిలే వేశాక ముందు మామూలు బల్బులతో చూసి, చాలకపోతేనే వీటికి వెళ్ళండి. నీలం పూత ఉన్నవి అసలొద్దు, పూత కొంత వెలుగుని మింగేస్తుంది.

గాజు భాగాన్ని వేళ్ళతో ముట్టుకోకండి. చర్మపు జిడ్డు అంటిన చోట ఆ గాజు (క్వార్ట్జ్) వేడెక్కి పాడవుతుంది. రెండూ ఒకేసారి మార్చండి.

గాజుకన్ను

ఏది మార్చినా చివర్లో అలైన్‌మెంట్ చూడండి. టైర్లలో సరైన గాలి, డ్రైవర్ సీట్లో ఒక మనిషి, లైట్ల ఎత్తు నాబ్ ఉంటే సున్నా మీద. చదును నేల మీద గోడకి సరిగ్గా 10 మీటర్ల దూరంలో నిలపండి. బల్బు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద టేప్ అంటించండి. హెడ్‌లైట్ మీద కోణం శాతంలో రాసి ఉంటే అదే పాటించండి. సాధారణంగా 1 శాతం, అంటే లో బీమ్ గీత ఆ టేప్‌కి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి.

ల్యాంప్ 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అప్పుడు గీత 65 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. గోడ మీద ఇంకో 10 సెంటీమీటర్లు కిందికి జారితే ఆ దూరం 32 మీటర్లే. 80 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద కూడా, బ్రేక్ మీద కాలు వేసే వ్యవధితో కలిపి ఆగడానికి 65 మీటర్ల పైనే పడుతుంది. హెచ్4లో హై, లో ఒకే రిఫ్లెక్టర్ కాబట్టి లో బీమ్ సరిచేస్తే చాలు, హై దానితోపాటే వస్తుంది.

వాన విషయంలో ఆశ పెట్టుకోకండి. తడి రోడ్డు మీ వెలుగుని ముందుకే విసిరేస్తుంది, మీ వైపు తిరిగొచ్చేది తక్కువ. ఏ బల్బూ దాన్ని మార్చలేదు. కొత్త వైపర్ బ్లేళ్ళు, ముందు అద్దం లోపలి జిడ్డు తుడవడం ఎక్కువ మేలు చేస్తాయి.

వోల్టుమీటరు

రిలే కిట్ తగిలించే ముందు ఇంకొక్కటి చూడండి. రెండు సాకెట్లూ ఊడదీసి, మీటర్ నల్ల మొన బాడీకి ఆనించి, మూడు రంధ్రాల్లో కొలవండి. లో నుంచి హైకి మారిస్తే 12 వోల్టులు ఒక రంధ్రం నుంచి మరోదానికి మారాలి. అలా కాకుండా లో పెట్టినా హై పెట్టినా ఒకే రంధ్రంలో 12 ఉంటే మీ బండి మైనస్ వైపు స్విచ్ అయ్యే రకం. మామూలు కిట్ తగిలిస్తే పనిచేయదు, ఫ్యూజు కూడా పోవచ్చు, ఆ రకానికి వేరే కిట్ తీసుకోవాలి. ఆ రకం బళ్ళు కొన్నింటిలో రిలే కిట్ వేశాక డాష్‌లోని హై బీమ్ నీలి దీపం వెలగకపోవచ్చు. హెడ్‌లైట్లని పల్స్‌లతో నడిపే మాడ్యూల్ ఉన్న బళ్ళయితే రిలే టకటకా కొట్టుకుంటుంది, కాయిల్ వైపు కెపాసిటర్ ఉన్న కిట్ అడగండి.