చర్చ: 9 వోల్టుల పెడల్‌లో బుల్లి వాల్వు పెడితే నిజంగా ఏమైనా తేడా ఉంటుందా?

ఆరోతీగ:
గిటారు కోసం నేనే ఒక బూస్టర్ పెడల్ (సిగ్నల్ పెంచే, కాలితో తొక్కే పెట్టె) కట్టుకున్నాను. లోపల ముందు ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), తర్వాత రెండు 6418 వాల్వులు, అంటే వాక్యూమ్ ట్యూబులు. చిటికెనవేలి కంటే పొట్టి గాజు గొట్టాలు, సాకెట్ లేదు, తీగల్ని నేరుగా సోల్డర్ చేయడమే. ఆదివారం ఇంటికొచ్చిన మిత్రుడు మూత తీసి చూసి నవ్వేశాడు. "9 వోల్టులకి వాల్వేంటిరా, నీకు వినపడేది ఆ జేఫెట్టే. గాజు ముక్కలు ముచ్చటకి పెట్టుకున్నావు" అన్నాడు. నాకైతే సౌండ్ మెత్తగా మారినట్టే ఉంది. నా చెవి నన్ను మోసం చేస్తోందా?

గుజరాతీగల్లీ:
నా ఓటు మీ మిత్రుడికే. గిటారు యాంపుల్లో ఉండే మామూలు వాల్వు 12ఏఎక్స్7 డేటాషీట్ తెరిచి చూడండి, లెక్కలు 100 వోల్టుల దగ్గర మొదలై 250కి వెళ్తాయి. దానికి 9 ఇవ్వడమంటే ఎద్దుకి గుప్పెడు గడ్డి వేసి పొలం దున్నమనడం. ఒకసారి రిపేరుకి ఒక పెడల్ వచ్చింది, కంపెనీ పేరు వద్దులెండి. వాల్వు పీకేసి వాయించినా అదే డిస్టార్షన్! పనంతా ఆప్-ఆంప్ చిప్పు, రెండు డయోడ్లు చేస్తున్నాయి. వాల్వు కింద ఒక నారింజ ఎల్ఈడీ పెట్టారు, వెలుగు కూడా దానిది కాదు.

పాతరేడియో:
తమ్ముడూ, వాల్వులన్నిటినీ ఒకే గాటన కట్టకు. 12ఏఎక్స్7 వేరు, 6418 వేరు. ఇది చెవిటి మిషన్ల వంశం. లోపల వేడెక్కే తీగ, అదే ఫిలమెంటుకి 1.25 వోల్టులు, 10 మిల్లీఆంపులు చాలు. దాన్నుంచి వచ్చే కరెంటుని అందుకునే ప్లేటుకి 22.5 వోల్టుల బ్యాటరీ. చొక్కా జేబులో పెట్టుకునే మిషన్ కోసమే అంత తక్కువలో పనిచేసేట్టు చేశారు. 1952 చివర్లో అమెరికాలో సోనోటోన్ 1010 అనే మిషన్ వచ్చింది, అందులో రెండు బుల్లి వాల్వులు, ఒక ట్రాన్సిస్టర్. ఆ తర్వాత చెవి మిషన్లలో వాల్వుల కథ తొందరగానే ముగిసింది.

ఇదే జాతి వాల్వుల్ని రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండు ముక్కులో కూడా పెట్టారు, విమానం దగ్గరికి రాగానే గుండు తనంతట తానే పేలడానికి. గుండు బయల్దేరేటప్పుడు గురుత్వాకర్షణకి 20,000 రెట్ల తోపుడు. ఆ గాజు దాన్ని తట్టుకుంది.

కాబట్టి 6418కి 9 వోల్టులంటే తక్కువే, పస్తు మాత్రం కాదు. ఇంకో మాట, అది వెలగదు కూడా. గదంతా చీకటి చేసి కళ్ళు చికిలించి చూస్తే ఫిలమెంటు కనపడీ కనపడనట్టుంటుంది. వెలుగు ముచ్చటకి కొనేవాడు దీన్నెందుకు కొంటాడు?

ఓమ్‌శాంతి:
మాస్టారు చెప్పిన చరిత్రతో పేచీ లేదు. నా పేచీ సర్క్యూట్‌తో. ప్లేటు వోల్టేజీ తగ్గితే బయాస్ (సిగ్నల్ అందుకునే జాలి, అంటే గ్రిడ్డుకి ఇచ్చే నిలకడ వోల్టేజీ) సున్నా దగ్గరికి జరగాలి. అప్పుడు సిగ్నల్ కాస్త పైకి లేవగానే గ్రిడ్డు కరెంటు తాగుతుంది, గిటారు పికప్ మీద బరువు పడుతుంది, పైస్వరాలు మసకబారతాయి. అందుకే ముందు జేఫెట్ పెట్టాల్సి వచ్చింది. ప్లేటు రెసిస్టర్ 220 కిలో ఓములు పెడితే అవతల కేబుల్‌ని మోసే బలం ఉండదు, అందుకని వెనక ఇంకో జేఫెట్ కూడా కావాలి. ఇద్దరు పనివాళ్ళ మధ్య వాల్వు తోడుపెళ్ళికొడుకులా కూర్చుంటుంది.

ఆరోతీగ గారూ, యాంప్ ఆన్‌లో పెట్టి పెన్సిల్ వెనకవైపుతో ఆ 6418ని మెల్లగా తట్టి చూడండి. స్పీకర్లో "టింగ్‌...గ్" అని గుడిగంటలా ఒక క్షణం మోగకపోతే నన్నడగండి. జుట్టుకన్నా సన్నటి ఫిలమెంటు అది, తీగలా ఊగుతుంది. కాలితో తొక్కే పెట్టెలో దాన్ని పెట్టడం నాకు మింగుడుపడదు.

ఆరోతీగ:
తట్టాను. మోగింది 😅 స్విచ్ తొక్కినప్పుడూ మోగుతోంది. గాజు చుట్టూ రబ్బరు తొడిగి, తీగలు కాస్త పొడవుగా వదిలి స్ప్రింగులా వేలాడదీస్తే సగానికి పైగా తగ్గింది.

చిన్నయాంప్:
సైజు గురించి ఎందుకు కొట్టుకుంటారో అర్థం కాదు. బుల్లి వాల్వుల్లో రెండు తెగలు. మాస్టారు చెప్పింది బ్యాటరీ తెగ. రెండోది 6021, రష్యావాళ్ళ 6ఎన్17బి లాంటివి: 6.3 వోల్టుల హీటరు, ప్లేటుకి వంద, ఆ పైన. నేను 6021కి నిక్సీ గడియారాల (గాజు గొట్టాల్లో అంకెలు వెలిగేవి) కోసం వోల్టేజీ పెంచే బూస్ట్ బోర్డుతో 150 వోల్టులు ఇస్తున్నాను. అప్పుడది పెద్ద వాల్వులాగే ప్రవర్తిస్తుంది, సాకు చెప్పదు. చిక్కల్లా హీటరే. ఒక్క 6021కే 300 మిల్లీఆంపులు కావాలి. పెడల్ అడాప్టర్లలో చాలావాటికి ఒక్కో అవుట్‌పుట్ 100 దగ్గరే ఆగిపోతుంది. ఆ 150 వోల్టుల కెపాసిటర్ ఒకసారి నా వేలిని పలకరించింది కూడా, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేయండి.

కానీ నాకు ముద్దొచ్చేది 5672. ప్లేటుకి 67.5 వోల్టులు, అవుట్‌పుట్ 65 మిల్లీవాట్లు. నవ్వకండి, ఎనిమిదంగుళాల స్పీకరుకి పెడితే అపార్ట్‌మెంటులో రాత్రి వాయించుకోడానికి అదే ఎక్కువ. దాన్ని స్పీకరుకి కలపడానికి 20 కిలో ఓముల ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ దొరుకుతుందని వెతికి వెతికి, చివరికి మైక్‌సెట్ వాళ్ళు హారన్లకి వాడే 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను. అర వాట్ ట్యాప్ దగ్గర లెక్క కట్టండి: 100 ఇంటూ 100 బై 0.5, సరిగ్గా 20,000. ఈ లెక్క కుదిరిన రోజు నిద్ర పట్టలేదు.

గుజరాతీగల్లీ:
అన్నా, 67 వోల్టులిస్తే నేనూ ఒప్పుకుంటా. పెడల్‌కి మాత్రం ఒప్పుకోను. ఈ వాల్వులు ఇప్పుడెవరూ తయారు చేయట్లేదు, ఉన్నవన్నీ పాత సరుకే. గాజులోంచి బయటికొచ్చే చోట తీగ ఒక్కసారి గట్టిగా వంగితే విరుగుతుంది, అంతటితో దాని పని అయిపోయినట్టే. కోర్గ్ వాళ్ళు 2015లో డిస్‌ప్లే గాజు టెక్నాలజీతో న్యూట్యూబ్ అనే కొత్తరకం వాల్వు తెచ్చింది ఊరికే కాదుగా.

పాతరేడియో:
న్యూట్యూబ్ కూడా మోగుతుంది నాయనా, దానికీ రబ్బరు మెత్తలు వేస్తున్నారు. తీగ సంగతంటావా, గాజు పక్కన ముక్కు పట్టకారుతో పట్టుకుని, దాని అవతల వంచాలి. సోల్డర్ వేడి కూడా పట్టకారులోకి పోతుంది.

ఆరోతీగ:
వాదనలు చాలు అనుకుని ఒక పని చేశాను. వాల్వుల స్థానంలో సిగ్నల్‌ని అంతే పెంచే (అంతే గెయిన్ ఉన్న) ఇంకో జేఫెట్ మెట్టు కట్టి, మధ్యలో స్విచ్ పెట్టాను. మిత్రుణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టి పదిసార్లు వాయించాను. ఏది వాల్వో ఆరుసార్లు సరిగ్గా చెప్పాడు. మెల్లగా మీటినప్పుడు తడబడ్డాడు. గట్టిగా మీటి స్వరం తగ్గుతూ పోయేటప్పుడు మాత్రం వెంటనే "ఇది" అనేశాడు.

ఓమ్‌శాంతి:
పదికి ఆరు అంటే బొమ్మా బొరుసు వేసినా వస్తుంది. అయితే ఆ తప్పులన్నీ మెల్లగా మీటినప్పుడే పడ్డాయా? అదైతే ఆసక్తికరం. గట్టిగా మీటేవే ఒక ముప్పై చేయండి. ఒక ప్రశ్న, రెండింటి వాల్యూమ్ దేనితో సమానం చేశారు?

ఆరోతీగ:
చెవితో. మీటరు పెట్టలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తా.