వారసత్వపు పొలం, ఒకరికొకరు పడని నలుగురు: హాస్య నవలలో పని వివరం ఎంత నిజంగా ఉండాలి?

గట్టుమీద:
ఒకరంటే ఒకరికి గిట్టని నలుగురికి ఉమ్మడిగా ఓ పొలం వస్తుంది. సేద్యం ఎవరికీ రాదు. ఇలాంటి హాస్య నవలలో పొలం పని తప్పుల్లేకుండా రాయాలా, నవ్వొస్తే చాలా? తప్పుల్లేకుండా రాయాలనే నేనంటాను. నవ్వు పుట్టేది అక్కడే.

పొదగడానికి కూర్చున్న పెట్ట కింద కోడిగుడ్లు, బాతుగుడ్లు ఒకే రోజు పెట్టారనుకోండి. కోడిపిల్లలు 21 రోజులకు, బాతుపిల్లలు 28 రోజులకు వస్తాయి. కోడిపిల్లలు లేవగానే పెట్ట వాటిని వెంటేసుకుని గూడు దిగిపోతుంది. బాతుగుడ్లకు ఇంకో వారం 37.5 డిగ్రీల వేడి ఈ నలుగురే ఇవ్వాలి. మొదటి నాలుగు రోజులు గుడ్లు తిప్పాలి, చివరి మూడు రోజులు ముట్టుకోకూడదు. తిప్పడం రోజుకు బేసి సార్లు ఉండాలి. నాలుగుసార్లు తిప్పితే ప్రతి రాత్రీ ఒకే వైపు పైకుంటుంది. అందుకే గుడ్డుకు ఒక పక్క గీత, రెండో పక్క సున్నా పెడతారు. మనుషులు నలుగురు, వంతులు ఐదు. ఆ ఐదో వంతు ఎవరిది?

కలంపట్టు:
ఐదో వంతు బాగుందండీ. కానీ అది అర్థం కావడానికి మీకే ఇన్ని వాక్యాలు పట్టాయి. గొడవ మధ్యలో ఇదంతా చెబితే నవ్వు చల్లారిపోతుంది. బేసి లెక్కను రెండు అధ్యాయాల ముందే, ఎవరూ వినిపించుకోని పాత్ర చేత ఒక్క ముక్కలో అనిపించండి. పాఠకుడికి గుర్తుంటుంది, ఆ నలుగురికి ఉండదు. ఇక అతిశయోక్తి లేనిదే హాస్యం లేదు. క్యాలెండర్ పక్కన పెట్టుకుని రాస్తే కథకు ఊపిరాడదు.

దస్తావేజు:
అసలు చిల్లు వేరే చోట ఉంది. ఇంత పడనివాళ్లు అమ్ముకుని పోరెందుకు? "అందరూ సంతకం పెట్టాలి" అని తేల్చేస్తే కుదరదు. మొత్తం పొలం అమ్మడానికి ఆ మాట నిజమే. కానీ ఉమ్మడి ఆస్తిలో సాధారణంగా ఎవరి వాటా వాళ్లు అమ్ముకోవచ్చు, పంపకం కోరవచ్చు. పంపకం అయ్యేదాకా ఈ చెట్టు నాది, ఆ బావి నీది అనడానికి లేదు. ప్రతి అంగుళంలోనూ అందరికీ వాటా ఉంటుంది. కాబట్టి వీలునామాలోనే షరతు పెట్టించండి: ఏడాది కలిసి సాగుచేస్తేనే హక్కు. లేదంటే ఒకరి వాటా పక్క పొలం ఆసామి చేతికి పోనివ్వండి. మిగతా ముగ్గురి మధ్యకు సేద్యం తెలిసినవాడు వచ్చి కూర్చుంటాడు.

గట్టుమీద:
షరతు బాగుంది, ముందే చెప్పాలన్నదీ ఒప్పుకుంటాను. అతిశయోక్తి దగ్గరే పేచీ. మనుషుల్ని ఎంతైనా పెంచి రాయండి, పనికి పట్టే రోజుల్ని మాత్రం కుదించకండి. తడి ఆరని గడ్డిని వాము వేస్తే ఆ రాత్రే మంటలు చూపిస్తారు. అలా జరగదు. తేమ 20 శాతం దాటిన గడ్డి లోపల సూక్ష్మజీవుల వల్ల మెల్లగా వేడెక్కుతుంది. అంటుకోవడానికి వారాలు పట్టవచ్చు. ఆ వారాల్లోనే ఉంది హాస్యమంతా. పిల్లి వాము దిగదు. మాడిన చక్కెర వాసన వస్తుంటే నలుగురూ వంటింట్లో వెతుకుతారు.

కలంపట్టు:
పిల్లి దగ్గర ఒప్పుకుంటున్నాను. మరి వేడి సంగతి తెలిశాక? వాము విప్పిస్తారా?

గట్టుమీద:
విప్పకూడదండీ. గాలి తగిలితే భగ్గుమంటుంది. పైకెక్కినవాడు లోపల కాలి గుల్లయిన చోట కూరుకుపోవచ్చు. ఇనప ఊచ గుచ్చి, కాసేపాగి లాగి చూడాలి. పట్టుకోలేనంత కాలితే అగ్నిమాపక దళం వచ్చేదాకా ఎవరూ దాని జోలికి పోకూడదు. నలుగురూ దూరంగా నిలబడి పిల్లిని పిలుస్తుంటారు.