అప్‌డేట్: అమ్మ మెట్టెలు తీయవలసిన అవసరం రాలేదు

మొదటిసారి విమానమెక్కుతున్న మా అమ్మ పుస్తెలతాడు, మెట్టెలు, వెండి కడియాలతో భద్రతా తనిఖీ దాటగలదా అని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్లే మెత్తని నేత చీర కట్టించి, పిన్నీసులు రెండింటికి తగ్గించి, కడియాలను మాత్రం నల్లగొండలోనే విప్పించి (సబ్బునీళ్లతో అరగంట పట్టింది) శంషాబాద్‌కు తీసుకెళ్లాను. మెటల్ డిటెక్టర్ మోగింది. అయితే మహిళా సిబ్బంది ఆమెను తెర చాటుకు తీసుకెళ్లి, చేతి డిటెక్టర్‌తో పరీక్షించి, పుస్తెలను గానీ మెట్టెలను గానీ తీయించకుండానే పంపించారు. చిక్కంతా నా బెల్టుతోనే వచ్చింది: ట్రేలో పెట్టడం మరచి, వెనక్కి వెళ్లి మళ్లీ వరుసలో నిలబడ్డాను.

విమానంలో చలికి అమ్మ శాలువా అడిగింది. దానిని చెక్-ఇన్ పెట్టెలో వేసిన తప్పు నాదే. పాపం, కొంగునే భుజాల నిండా కప్పుకుని, వదులు చెప్పులు విడిచి, కాళ్లు ముడుచుకుని ఢిల్లీ దాకా కూర్చుంది.