పదో తరగతి పిల్ల ‘డెలీరియం’ చదవొచ్చా, మానిపించాలా?

కోనసీమ నాన్న:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయికి పదిహేనేళ్లు, ఈ ఏడు పదో తరగతిలోకి వస్తుంది. సెలవులకి వచ్చిన మా అన్నయ్యగారి అమ్మాయి లారెన్ ఆలివర్ రాసిన ‘డెలీరియం’ అనే ఇంగ్లీషు నవల ఇచ్చి వెళ్లింది. 2011లో వచ్చిందట. అందులో ప్రేమ ఒక జబ్బు. పద్దెనిమిదేళ్లు వచ్చాక ప్రభుత్వం మెదడుకి ఆపరేషన్ చేసి అది పోగొడుతుంది, పెళ్లి ఎవరితోనో కూడా ప్రభుత్వమే తేలుస్తుంది. మొన్న రాత్రి రెండింటికి మంచినీళ్లకి లేస్తే పిల్ల అరుగు మీద కూర్చుని, దోమలు కుడుతున్నా లెక్కచేయకుండా ఏడుస్తోంది. కథ చివర ఊరి కంచె దాటి ఇద్దరూ పారిపోబోతే, కథలో పిల్ల ప్రేమించిన అబ్బాయి కంచెకి ఇవతలే ఉండిపోయాడట. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు రెండో భాగం కావాలంటోంది. ఏం చేయమంటారు?

రావులపాలెం రాజా:
పబ్లిక్ పరీక్షలు అయ్యాక కొనివ్వండి సార్.

పాలకొల్లు మాష్టారు:
నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఈ రకం నవలలు రాసేదే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం. 1949లో వచ్చిన ఆర్వెల్ ‘1984’లోనూ ఇద్దరు ప్రేమించుకుంటే రాజ్యం వాళ్లని విరిచేస్తుంది, దాన్ని గొప్ప సాహిత్యమని పాఠం చెబుతాం కదా. పిల్ల ఇంగ్లీషులో అంత లావు పుస్తకం పూర్తి చేసిందంటే ముందు సంతోషించండి. నేను పనిచేసిన బళ్లో కథల పుస్తకాల బీరువాకి ఎప్పుడూ తాళమే, పిల్లలు చింపేస్తారని. చివరికి చెదలు తిన్నాయి. ఆ బాధ నాకింకా పోలేదు.

కోనసీమ నాన్న:
ఇంగ్లీషు గురించి కాదండి మాష్టారూ. కథలో పిల్ల పెంచినవాళ్లకి చెప్పకుండా, కర్ఫ్యూ దాటి, రాత్రిపూట బయటికి వెళ్తుంది. అది చెప్పండి ముందు.

గౌతమి గట్టు:
నేను ఆ మూడు భాగాలూ చదివాను. మీరు చదివారా అండీ?

కోనసీమ నాన్న:
లేదమ్మా. పిల్ల చెప్పిందే. మరి రాత్రిపూట వెళ్లిందా లేదా?

గౌతమి గట్టు:
వెళ్లింది. దానికంటే ముందు ఇంకోటి ఉంది. ఆ అమ్మాయిని వరుసగా కూర్చున్న పరీక్షకుల ముందు నిలబెట్టి, ప్రశ్నలడిగి మార్కులు వేస్తారు. ఆ మార్కుల్ని బట్టే సంబంధాలు. ఇష్టమైన రంగు ఏదంటే బట్టీ పట్టిన జవాబు మర్చిపోయి, మనసులో ఉన్న బూడిదరంగు అని చెప్పేస్తుంది. అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. 2009లో ముమ్మిడివరంలో నాకు పెళ్లిచూపులు. చెప్పులు విప్పించి, అబ్బాయిగారి వదిన పక్కన నిలబెట్టి ఎత్తు చూశారు. తాపేశ్వరం కాజాల పళ్లెం నా చేతిలోనే ఉంది, పాకం వేళ్లకి అంటుకుంది, ఎక్కడ తుడుచుకోవాలో తెలియలేదు. ‘ఏమంటే ఇష్టమమ్మా’ అని అడిగితే వంట, కుట్టుపని అని చెప్పాను, అమ్మ అలా చెప్పమంది కాబట్టి. నాకు ఇష్టం లెక్కలు. పదిహేనేళ్లప్పుడు ఇలాంటి పుస్తకం ఒక్కటి నా చేతికొచ్చి ఉంటే లెక్కలనే చెప్పేదాన్నేమో.

భీమవరం ఇంటర్:
అక్కా, నాది కూడా సేమ్. మా ఇంట్లో ఈ పుస్తకం అట్ట చూసి మా నాన్న ఏమీ అనలేదు, కథ చెప్పాక లాక్కున్నారు.

కోనసీమ నాన్న:
అంటే కన్నవాళ్లూ, మెదడు కోసే ఆ ప్రభుత్వమూ ఒకటేనా? మేము రెక్కలు ముక్కలు చేసుకుని, కొబ్బరికి ధర లేని ఏడాది కూడా ఫీజు కట్టి చదివిస్తున్నది ఇది వినడానికా?

గౌతమి గట్టు:
ఒకటేనని నేననలేదు. మీ అమ్మాయి అలా అనుకుంటుందేమోనని మీకు భయం. ఆ ఏడుపు చూసి కాదు మీకు టెన్షన్.

పాలకొల్లు మాష్టారు:
కోప్పడకండి ఇద్దరూ. 1881లో వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయిస్తే, తోడు వెళ్లినవాళ్లని వెలివేశారు. కొత్త ఆలోచన వచ్చిన ప్రతిసారీ...

గౌతమి గట్టు:
ఆ పెళ్లికూతురూ చిన్నపిల్లే కదా మాష్టారూ. ఆవిడని ఎవరైనా అడిగారా?

కోనసీమ నాన్న:
వీరేశలింగం గారి దాకా ఎందుకండి. నా ఇంట్లో జరిగింది చెబుతాను. మా చెల్లెలి కూతురు ఇంటర్ చదువుతూ ఒకబ్బాయితో వెళ్లిపోయింది. ఎనిమిది నెలలకి ఒక్కతే తిరిగొచ్చింది. మా బావగారు గుమ్మం ఎక్కనివ్వలేదు. వానలో రావులపాలెం బస్టాండ్ నుంచి నాకు ఫోన్ చేసింది, చేతిలో ఒక్క కవరు, అందులో రెండు జతల బట్టలు. నేనే బండి మీద తీసుకొచ్చుకున్నాను. చదువు పోయింది. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. ఆ రాత్రి అరుగు మీద నా కూతురు కనపడలేదండి నాకు, ఆ పిల్లే కనపడింది.

భీమవరం ఇంటర్:
ఆ అక్క ఏ పుస్తకం చదివి వెళ్లింది అంకుల్?

కోనసీమ నాన్న:
ఏ పుస్తకమూ చదవలేదమ్మా.

గౌతమి గట్టు:
మీరు తెచ్చుకున్నారు, అందుకు మీకు దణ్ణం పెడతాను. కానీ ఆ పిల్ల చదువు పోయింది వెళ్లినందుకు కాదు, తిరిగొచ్చినప్పుడు తలుపు మూసినందుకు. మా ఇంట్లో అయినా అంతే చేసేవారు. అది తెలిసే కదా నేను వంట, కుట్టుపని అన్నది.

కోనసీమ నాన్న:
తలుపు మూయడం తప్పే. మా బావగారితో ఈ రోజుకీ నాకు మాటల్లేవు. కానీ వెళ్లడమూ తప్పే, ఇంటర్ చదివే పిల్ల. ఈ మాట దగ్గర మీరూ నేనూ కలవమమ్మా.

గౌతమి గట్టు:
కలవం.

కోనసీమ నాన్న:
నిన్న సాయంత్రం పిల్లనే అడిగాను, అంత ఏడుపు ఎందుకొచ్చిందని. అబ్బాయి కోసం కొంచెమే ఏడ్చిందట. చచ్చిపోయిందని అందరూ చెప్పిన, కథలో పిల్ల వాళ్లమ్మ ఇన్నేళ్లూ జైల్లో బతికే ఉందనీ, గోడ తొలుచుకుని బయటపడిందనీ తెలిసిన చోట ఎక్కువ ఏడ్చిందట. నాకు ఏం చెప్పాలో తోచలేదు. రెండో భాగం సంగతి ఇంకా తేల్చలేదు. మొదటిది నేను తీసుకున్నాను, ఇరవై పేజీలయ్యాయి, తెలియని మాట వచ్చినప్పుడల్లా పిల్లనే అడుగుతున్నాను.

గౌతమి గట్టు:
పరీక్షకుల ముందు నిలబెట్టే చోటు వచ్చాక మళ్లీ రాయండి. నేను చూస్తుంటాను.