మా సొసైటీ కొత్త డైరెక్టర్‌కి జీతం ఎలా నిర్ణయించాలి?

ప్రకాశం_కోశాధికారి:
మాది ప్రకాశం జిల్లాలో చిన్న సొసైటీ. వినికిడి లోపం ఉన్న పిల్లలకి స్కూలు, హాస్టలు నడుపుతున్నాం. దీన్ని మొదలుపెట్టిన మాస్టారు ఇన్నేళ్లూ గౌరవ వేతనంగా నెలకి 15,000 మాత్రమే తీసుకున్నారు, ఆయనకి పెన్షన్ ఉంది కాబట్టి గడిచిపోయింది. ఇప్పుడు వయసు మీద పడి తప్పుకుంటానంటున్నారు. కొత్తగా రావడానికి ఒప్పుకున్నావిడ ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగంలో పనిచేశారు, నెలకి 1,20,000 అడుగుతున్నారు. మా ఆయాలకి 11,000 ఇస్తున్నాం. కమిటీలో సగం మంది "సేవకి వచ్చేవాళ్లకి లక్ష ఏంటండీ, దాతలకి తెలిస్తే ఇంకేమైనా ఉందా" అంటున్నారు. మిగతావాళ్లకి ఆవిడ ఎక్కడ చేజారిపోతుందోనని టెన్షన్. చెక్కుల మీద సంతకం నాది. ఎంత ఇవ్వాలో కాదు, ఎలా తేల్చాలో చెప్పండి. కొంత ఫారిన్ ఫండ్ కూడా వస్తుంది.

ఆడిట్_బాబాయ్:
ఆవిడ కమిటీలో ఎవరికైనా బంధువా? కాకపోయినా జాగ్రత్తే, ఎందుకంటే 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్‌లో, సంస్థ సొమ్ముతో అనుచితంగా లాభపడకూడనివాళ్ల జాబితాలో వ్యవస్థాపకులు, ట్రస్టీలు, వాళ్ల బంధువులతో పాటు సంస్థని నడిపే మేనేజర్ కూడా ఉన్నారు, పేరు డైరెక్టర్ అని పెట్టుకున్నా అంతే. వీళ్లకి జీతం ఇవ్వకూడదని ఎక్కడా లేదు. చేసే పనికి తగినంత ఇవ్వచ్చు, మించితేనే తంటా. 2022 ఫైనాన్స్ చట్టం తర్వాత అలా మించిన సొమ్ము మీద 30 శాతం పన్ను, పైగా మొదటిసారి దొరికితే ఆ మొత్తమంత పెనాల్టీ, మళ్లీ చేస్తే దానికి రెట్టింపు. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, సూత్రం మారలేదు.

ఇక ఫారిన్ ఫండ్. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణతో, ఆ డబ్బులోంచి పెట్టే పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించేశారు. ఆ డబ్బులోంచి ఇచ్చే డైరెక్టర్ జీతం ఈ 20లోకే వస్తుంది, స్కూలు టీచర్ల జీతాలు రావు. అందుకని కొందరు డైరెక్టర్‌ని కాగితం మీద టీచర్‌ని చేసేస్తుంటారు. ఆ పని మాత్రం చేయకండి.

న్యూజెర్సీ_తెలుగు:
ఇక్కడ ఒక చిన్న చారిటీ బోర్డులో ఉన్నాను. అమెరికాలో చాలా చారిటీలు ఏటా ఐఆర్‌ఎస్‌కి (ఇక్కడి పన్నుల శాఖ) ఇచ్చే ఫారం 990లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల జీతాలు చూపించాలి, దాన్ని ఎవరైనా చూడొచ్చు. జీతం విషయంలో లాభనష్టాలు లేనివాళ్లే నిర్ణయించాలి, ఇలాంటి సంస్థలు ఇదే పనికి ఎంత ఇస్తున్నాయో ముందే తెలుసుకోవాలి, దేన్ని చూసి ఆ అంకె పెట్టారో అప్పటికప్పుడే మినిట్స్‌లో రాయాలి. ఈ మూడూ చేస్తే ఆ జీతం సబబైనదేనని ముందు నమ్ముతారు, కాదని చూపించాల్సిన బాధ్యత ఐఆర్‌ఎస్‌దే. మీ దగ్గర ఈ రూల్ లేకపోయినా పద్ధతి వాడుకోవచ్చు కదా. సీఎస్‌ఆర్‌లో ఆవిడ పాత జీతంతో మాత్రం పోల్చకండి, మీ అంత బడ్జెట్ ఉన్న స్కూళ్లతో, హాస్టళ్లతో పోల్చండి.

ఫీల్డ్_వర్కర్:
"సేవకి జీతమెందుకు" అనే పెద్దమనుషులకి ఒక మాట. జీతం సున్నా అని చెప్పుకునే డైరెక్టర్ కింద పనిచేశాను నేను. ఆఫీసు బిల్డింగు ఆయన భార్య పేరు మీద, అద్దె కట్టేది సంస్థ. కారు సంస్థది, డీజిల్ సంస్థది. కొడుకు కన్సల్టెంటు. ఆయన త్యాగానికి సన్మానాలు కూడా జరిగాయి లెండి. అంతకంటే లక్షా ఇరవై అని కాగితం మీద రాసుకుని పన్ను కట్టేవాళ్లు వంద రెట్లు నయం. జీతం మరీ తక్కువ పెడితే ఎవరొస్తారు? పెన్షన్ ఉన్నవాళ్లు, పొలాలున్నవాళ్లు, ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉన్నవాళ్లు. ఫీల్డ్‌లో నుంచి పైకి వచ్చిన మాలాంటివాళ్లకి ఆ కుర్చీ ఎప్పటికీ దక్కదు.

కానీ మీ పోస్టులో నన్ను ఆపేసింది 1,20,000 కాదు, 11,000. అది కనీస వేతనానికైనా సరిపోతుందో లేదో ముందు లేబర్ ఆఫీసులో కనుక్కోండి. స్వచ్ఛంద సంస్థలకి ప్రమాణాలు పెట్టే క్రెడిబిలిటీ అలయన్స్ చెప్పేదాని ప్రకారం వార్షిక నివేదికలో సంస్థ అధిపతి జీతం, ఎక్కువ తీసుకునే ముగ్గురి జీతాలు, అందరికంటే తక్కువ తీసుకునేవాళ్ల జీతం వేయాలి. అవన్నీ ఒకే పేజీలో అచ్చువేయడానికి మీ కమిటీకి ఇబ్బందిగా ఉంటే ఎక్కడ సవరించాలో అక్కడే తెలిసిపోతుంది.

ప్రకాశం_కోశాధికారి:
ఆయాల సంగతి మీరు చెప్పాక మీటింగ్ అజెండాలో అదే మొదటి అంశంగా పెట్టాను. ఆవిడ ఎవరికీ బంధువు కాదు, కానీ మాస్టారి అల్లుడికి ఆ పోస్టు మీద ఆశ ఉందని ఇప్పుడే తెలిసింది, ఆయన కమిటీలోనే ఉన్నారు. పక్క జిల్లాల్లో ఇలాంటి స్కూళ్లు నడిపే మూడు నాలుగు సంస్థలని అడిగి తర్వాతే అంకె పెడతాం. క్యాంపస్‌లో క్వార్టర్ ఇస్తే 90,000కి వస్తానంటున్నారు, అప్పుడు కాగితం మీద జీతం తక్కువ కనిపిస్తుంది కదా?

ఆడిట్_బాబాయ్:
కనిపించడం కోసమైతే వద్దు. క్వార్టర్, కరెంటు, ఫోను, బండి అన్నీ విలువ కట్టి జీతంతో కలిపి, ఆ మొత్తం మీదే తీర్మానం చేయండి. ఆడిట్ రిపోర్టులో ఇలాంటివాళ్లకి ఇచ్చినవి ఎలాగూ విడిగా చూపించాలి. ఆ అంశం చర్చకి వచ్చినప్పుడు అల్లుడుగారిని గది బయట కూర్చోమనండి, కూర్చున్నారని మినిట్స్‌లో రాయండి.