గాయిబానా జనాజా నమాజు (దేహం ఎదురుగా లేకుండా చదివే అంత్యక్రియల నమాజు): ఊళ్లో ఖననం అయిపోయాక పరదేశంలో చదవవచ్చా?

ఎడారి_కడప:
అస్సలాము అలైకుం. కువైట్‌లో పనిచేస్తున్నాను. పోయిన నెల కడప దగ్గర మా ఊళ్లో అబ్బాజాన్ చనిపోయారు. ఫజర్ (వేకువ నమాజు) వేళ కబురు వచ్చింది, జొహర్ (మధ్యాహ్న నమాజు) తర్వాత ఖననం చేసేశారు. ఇక్కడ మా గదిలోని మనవాళ్లతో సఫ్ (వరుస) కట్టి గాయిబానా నమాజు చదివాను. అది చెల్లదని మా మసీదు పెద్ద ఒకాయన ఫోనులో తేల్చేశారు. హబషా (అబిసీనియా) రాజు నజాషీకి ప్రవక్త (స) చదవలేదా?

తాలిబ్_హనఫీ:
వ అలైకుం అస్సలాం. అల్లాహ్ మీ అబ్బాజాన్‌కు మగ్ఫిరత్ (క్షమాభిక్ష) ప్రసాదించాలి. మన హనఫీ మజ్‌హబ్‌లో (ధర్మశాస్త్ర సంప్రదాయంలో) జనాజా (మృతదేహం) ఎదురుగా ఉండాలి. మాలికీ మజ్‌హబ్‌వారూ గాయిబానా ఒప్పుకోరు. నజాషీ సంగతి ప్రవక్త (స)కు ప్రత్యేకం. దూరప్రాంతాల్లో ఎందరో సహాబాలు (ప్రవక్త సహచరులు) మరణించారు, వారందరికీ మదీనాలో సఫ్‌లు కట్టలేదు. పైగా ఇది ఫర్జె కిఫాయా. ఊళ్లో కొందరు చదివారంటే అందరి బాధ్యతా తీరినట్టే. దువా చేసుకోండి భాయ్, దానికి దూరం లేదు.

ఎడారి_కడప:
ప్రత్యేకమని ప్రవక్త (స) ఎక్కడ చెప్పారు? బుఖారీ హదీసు సంకలనంలోని హదీసు చూడండి. నజాషీ చనిపోయిన రోజే కబురు చెప్పి, జనాన్ని ముసల్లాకు (నమాజు మైదానానికి) తీసుకువెళ్లి, సఫ్‌లు కట్టించి నాలుగు తక్బీర్లు ("అల్లాహు అక్బర్" అనడం) చెప్పారు. తాను రెండో సఫ్‌లోనో మూడో సఫ్‌లోనో ఉన్నానని సహాబీ జాబిర్ (ర) చెప్పారు. ప్రత్యేకమే అయితే వెనక అంతమందిని ఎందుకు నిలబెట్టినట్టు? షాఫియీ, హంబలీ మజ్‌హబ్‌లవారు ఒప్పుకుంటారు.

పాతబస్తీ:
దేశాధినేతలు పోతే మక్కా హరమ్‌లోనే గాయిబానా చదువుతారు. కూలీ తండ్రి దగ్గరికి వచ్చేసరికి అభ్యంతరాలు!

తాలిబ్_హనఫీ:
రాజుల ఆచారం దలీల్ (ప్రమాణం) కాదు. హంబలీ అంటున్నారు కాబట్టి ఆ మజ్‌హబ్ పండితుడు ఇబ్నె తైమియా మాటే వినండి: చనిపోయిన చోట ఎవరూ చదవకపోతేనే గాయిబానా. హబషాలో నజాషీకి చదివేవారు లేరు. మీ అబ్బాజాన్‌కు ఊరంతా నిలబడింది.

నూర్:
ఆడవాళ్లం మేము. మా ఇంట్లో జనాజా లేచిందంటే గుమ్మం దాకానే మా హద్దు. ఖబరస్తాన్‌కు రావద్దంటారు. ఇంట్లో కూర్చుని యాసీన్ సూరా చదువుతాం. మా దువా చేరుతుందని మీరంతా ఒప్పుకుంటారు కదా, అయితే నమాజు కోసం మగవాళ్లకు ఇంత తగాదా ఎందుకు?

ఎడారి_కడప:
తాలిబ్ భాయ్, మీ ఫిఖ్ (ధర్మశాస్త్రం)లోంచే అడుగుతాను. వలీ (మృతుడి దగ్గరి బంధువు) అనుమతి లేకుండా ఇతరులు చదివేస్తే వలీ మళ్లీ చదవవచ్చని ఉందా లేదా? పెద్ద కొడుకును నేను. నన్ను అడగలేదు.

తాలిబ్_హనఫీ:
ఉంది. కానీ అది హక్కు లేనివారు చదివించినప్పుడు. మీ తమ్ముడేమైనా పరాయివాడా? దగ్గరి వలీ దూరదేశంలో ఉంటే హక్కు తర్వాతివారికి వెళ్తుంది.

ఎడారి_కడప:
తమ్ముడి పేరు నేను ఎత్తలేదే! ఎవరు చదివించారో మీకెలా తెలుసు?

తాలిబ్_హనఫీ:
ప్రతి ఊళ్లోనూ ఇదే కథ కాబట్టి తెలుసు.

ఎడారి_కడప:
అయితే వినండి. ఒక్క రాత్రి ఆపమని బతిమాలాను. టికెట్ కూడా తీసుకున్నాను. "జనాజాను తొందరగా సాగనంపండి" అని హదీసు చదివి వినిపించాడు. ఆ ఇంటి గోడలు నా డబ్బుతో లేచాయి. డయాలిసిస్ ఖర్చు నాది. మట్టి వేసే హక్కు మాత్రం లేదు. ఇప్పుడు నాలుగు తక్బీర్లు కూడా చెల్లవంటారా?

తాలిబ్_హనఫీ:
మా అన్న జెద్దాలో ఉంటాడు. డబ్బు ఆయనా పంపాడు, కాదనను. మంచం మీద అబ్బాను తిప్పింది నేను, మురికి గుడ్డలు ఉతికింది నా భార్య, గుస్ల్ (చివరి స్నానం) ఇచ్చింది నేను. "ఆపు, వస్తున్నాను" అన్నాడు. మే నెల, కరెంటు లేదు, శవానికి పెట్టె కావాలంటే పట్నం నుంచి రావాలి. ఎంతసేపు ఆపమంటారు? ఆ రోజు నుంచి అన్న నాతో మాట్లాడడు. వలీ హక్కు గుర్తుకొచ్చేది మరణించాకేనా? రాత్రిళ్లు దగ్గరున్నవాడికి ఏ హక్కూ లేదా?

ఎడారి_కడప:
మీ అన్న మీద కోపం నా నమాజు మీద తీర్చుకుంటున్నారన్నమాట.

తాలిబ్_హనఫీ:
మీరు తమ్ముడి మీద కోపాన్ని నజాషీ పేరుతో చదివినట్టే.

పాతబస్తీ:
ఇద్దరూ ఆగండి భాయ్. మూడో తక్బీర్ తర్వాత దువా ఏమిటి? "మాలో బతికున్నవారినీ చనిపోయినవారినీ, ఇక్కడున్నవారినీ లేనివారినీ క్షమించు." ఊళ్లో ఆ రోజు కువైట్ వారి కోసం కూడా అడిగే ఉంటారు.

ఎడారి_కడప:
దువా గురించి నాకు పేచీ లేదు. ఇన్షా అల్లాహ్, రంజాన్‌కు వెళ్లినప్పుడు సమాధి దగ్గర నమాజు చదువుతాను. మసీదు ఊడ్చే ఆమె సమాధి దగ్గర ప్రవక్త (స) చదివారు కదా.

తాలిబ్_హనఫీ:
మన మజ్‌హబ్‌లో అదీ కుదరదు. నమాజు లేకుండా ఖననం చేసి ఉంటేనే సమాధి మీద చదవాలి, అదీ దేహం శిథిలం కాకముందే. సలాం చెప్పి దువా చేసి రండి.

ఎడారి_కడప:
మళ్లీ మొదలుపెట్టారు! ముందు జాబిర్ హదీసుకు జవాబు ఇవ్వండి.

నూర్:
నేను అడిగినదానికి ఇద్దరూ ఇంతవరకు జవాబు ఇవ్వలేదు.