పత్తి మీద దిగుమతి సుంకం ఎత్తేస్తే మునిగేది ఎవరు?

ఓరుగల్లు రవి: 2025 ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేశారు. సెప్టెంబరు నెలాఖరు దాకానే అన్నారు, ఆనక డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి తీత ఊపందుకునేది అక్టోబరులో. సరిగ్గా మన సరుకు మార్కెట్టుకొచ్చే రోజుల్లోనే గేట్లు ఎత్తేస్తే రైతు కడుపు కొట్టినట్టు కాదా?

తిరుపూర్ మూర్తి: రవి గారూ, ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మా యూనిట్‌లో ఆర్డర్లు ఆగిపోయాయి. మిషన్ల దగ్గర కూర్చునే అమ్మాయిలూ రైతు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. నూలు చౌకగా దొరక్కపోతే వాళ్లకు పని ఎక్కడిది? అయినా ఆ 11 శాతం 2021 బడ్జెట్‌లో పెట్టిందే. అంతకుముందు పత్తి పండించలేదా?

ఓరుగల్లు రవి: పండించారు. ఎన్ని ఇళ్లలో ఉరితాళ్లు వేలాడాయో మా మండలానికొచ్చి అడగండి.

లక్ష్మణ్ 64: 2025-26 సీజనుకు మద్దతు ధర క్వింటాకు 8,110 పెట్టారు, కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొంటుంది. బయట ధర ఎంత పడితే రైతుకేంటి?

ఓరుగల్లు రవి: తేమ 8 శాతం మించకుంటేనే పూర్తి ధర. 12 దాటితే కొనరు. వానల తర్వాత తీసిన మా పత్తికి మీటరు గుచ్చితే 14 చూపించింది. ట్రాక్టరు కిరాయి దండగ.

లక్ష్మణ్ 64: ఆరబెట్టుకుని తేవాలి తమ్ముడూ. నేను మూడు రోజులు డాబా మీద ఎండబోసి తీసుకెళ్లాను.

ఓరుగల్లు రవి: డాబా ఉన్నవాళ్ల మాట అది. మాది రేకుల ఇల్లు.

తిరుపూర్ మూర్తి: తేమకూ సుంకానికీ సంబంధమేంటండీ?

శారద, జనగామ: సంబంధం నేను చెప్తా. మేము నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాం. పాసుపుస్తకం ఆసామి పేరు మీద ఉంది. మద్దతు ధరకు అమ్మితే డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, పాత బాకీ పట్టుకుని మిగిలింది ఇస్తానన్నాడు. అందుకే వాకిట్లోనే దళారికి కాంటా పెట్టాం. బోరాలో చెయ్యి పెట్టకముందే ఆయనన్న మాట: "బయటి పత్తి దిగుతోందమ్మా, మిల్లులు కొంటలేవు." ఆరువేల రెండొందల దగ్గర ఆగాడు. సుంకం ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

లక్ష్మణ్ 64: కౌలుదార్ల సంగతి వేరమ్మా. ఇక్కడ రైతుల గురించి మాట్లాడుకుంటున్నాం.

శారద, జనగామ: మందు కొట్టి చేతులు పగిలింది మావి. మేం రైతులం కాదా? కౌలుదార్లకు కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. మీ పొలం కౌలుకిచ్చారా? కాగితం రాశారా?

లక్ష్మణ్ 64: ఇచ్చాను. రాయలేదు. కాగితం రాస్తే రేపు భూమి మాదే అంటారేమోనని మా నాన్న భయం. నాకూ అదే భయం.

ఓరుగల్లు రవి: శారదక్కా, మీ ఆసామి మద్దతు ధరకు అమ్మి మీ డబ్బు మీకిస్తే సుంకం లేకపోయినా తట్టుకునేవాళ్లా?

శారద, జనగామ: తట్టుకునేవాళ్లం. కానీ ఇవ్వడు కదా.